నిప్పు తర్వాత పూసే మొక్క, బంజరుగా లెక్కకెక్కే నేల

పశ్చిమ కనుమల ఉత్తర భాగంలో, పుణె సమీపాన ఉన్న తళేగావ్-దాభాడే గడ్డిభూముల్లో పెరిగే ఒక మొక్క 2024లో కొత్త జాతిగా శాస్త్ర ప్రపంచానికి పరిచయమైంది. దాని పేరు డిక్లిప్టెరా పాలిమార్ఫా. అఘార్కర్ పరిశోధన సంస్థకు చెందిన మందార్ దాతార్ బృందం వర్ణించిన ఈ జాతి వివరాలు క్యూ బులెటిన్‌లో వెలువడ్డాయి. మన పెరటి కనకాంబరం, అడ్డసరం కుటుంబమే దీనిదీ.

ఏడాదికి రెండు పూతలు దీని విశేషం. వానలు వెనుదిరిగాక నవంబరులో మొదటి పూత మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. ఆ తర్వాత ఎండిన గడ్డికి స్థానికులు నిప్పు పెడతారు. నేలపై కొమ్మలు కాలిపోయినా, లోపల చేవదేరిన వేరుమొదలు చావదు. మే, జూన్ నెలల్లో దాని నుంచి పొట్టి రెమ్మలు లేచి, కొద్దికాలమే అయినా విరగబూస్తాయి. పాలిమార్ఫా అంటే బహురూపి, తగిన పేరే. ఈ లక్షణాలు స్థిరమైనవేనని తేల్చుకొనేందుకు పరిశోధకులు కొన్నేళ్లపాటు అక్కడికి వెళ్లవలసి వచ్చింది. కంకిలా అమరిన దీని పూలగుత్తులకు దగ్గరి పోలిక ఆఫ్రికాలో ఉంది, మన దేశంలో లేదు.

అలాగని మంటలన్నీ మేలు చేస్తాయనుకోవడం తొందరపాటు. అదను తప్పి, పదేపదే అంటుకొనే నిప్పును ఈ మొక్క ఎంతవరకు తట్టుకోగలదన్నది వేరే ప్రశ్న. అంతకన్నా పెద్ద చిక్కు భూమి లెక్కల్లో ఉంది. కేంద్ర భూవనరుల విభాగం హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి రూపొందించే బంజరు భూముల అట్లాసులో పొదలు నిండిన నేల, క్షీణించిన పచ్చిక బయలు కూడా చేరతాయి. బంజరు అన్న ముద్ర పడితే లేఅవుట్‌కైనా, చెట్ల పెంపకానికైనా అభ్యంతరం చెప్పేవారు తక్కువ. ఎండకు అలవాటుపడిన ఇలాంటి మొక్కకు దట్టంగా నాటిన చెట్ల నీడ కూడా ముప్పే.

తెలుగు నేలకు ఈ అనుభవం కొత్త కాదు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లా ముళ్లపొదల్లోనే. దాని కోసం తెలుగుగంగ కాలువ దారిని మార్చవలసి వచ్చింది.

తళేగావ్ వంటి చోట్ల భూవినియోగం మార్చే ముందు వృక్షజాతుల సర్వే జరిపితే, దానిని వానల తర్వాత ఒకసారి, మంటల తర్వాత ఇంకోసారి జరపాలి. ఒక్క కాలంలో వెళ్లినవారికి ఈ మొక్క ఒక్క రూపంలోనే కనిపిస్తుంది.