తిరగటం ఎవరి హక్కు?

ఆడది తిరిగి చెడుతుంది, మగవాడు తిరగక చెడతాడు అని మనకో సామెత ఉంది. తిరిగే మగవాడికి యాత్రికుడు, సంచారి, పరివ్రాజకుడు అని ఎన్ని గౌరవమైన పేర్లో! తిరిగే స్త్రీకి మాత్రం ఈ సమాజం తిట్లే మిగిల్చింది.

ఇల్లు విడిచి, ఊళ్లు పట్టుకు తిరిగి, చివరికి తన్ను తాను తెలుసుకునే మనిషి కథలంటే నాకు ఇప్పటికీ మోజే. హెర్మన్ హెస్ 'సిద్ధార్థ' (1922) అలాంటి నవల. తండ్రి ముందు రాత్రంతా నిలబడి ఒక్కసారి అనుమతి తెచ్చుకున్నాక సిద్ధార్థుణ్ణి ఇక ఎవరూ ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని నిలదీయరు. మీటింగుకి వెళ్లాలన్నా ఈ మూడింటికీ జవాబు చెప్పి, వంట చేసిపెట్టి బయల్దేరే మనకి అసలు ఆకర్షణ అక్కడే ఉందేమో.

రెండోసారి చదివినప్పుడు నా దృష్టి కమల మీద పడింది. సిద్ధార్థుడు చెప్పకుండా వెళ్లిపోయాక ఆమెకి తాను గర్భవతినని తెలుస్తుంది. అతను నది మాటలు వింటున్న ఆ పదకొండేళ్లూ కొడుకుని పెంచింది ఆమే. చివరికి ఆమె కూడా యాత్రకి బయల్దేరుతుంది, బిడ్డని వెంటబెట్టుకుని. దారిలో పాము కరిచి చచ్చిపోతుంది. ఆమె చావు కూడా అతని జ్ఞానానికి ఒక మెట్టు! జాక్ కెరువాక్ 'ఆన్ ది రోడ్' (1957)లోనూ అంతే. కుర్రాడు అమెరికా అంతా తిరుగుతాడు, చేతిలో డబ్బు అయిపోతే పిన్ని పంపుతుంది.

మరి స్త్రీ బయటికి నడిస్తే? చలం 'మైదానం' (1927)లో రాజేశ్వరి భర్తని వదిలి వెళుతుంది. ఆమె నడక జైల్లో ఆగుతుంది. ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో అరుణ వివాహం నుంచి బయటికొస్తే ఆ నవల మీద ఎంత రభస జరిగిందో మనకి తెలుసు.

సాహిత్యంలో ఇంటి లెక్కలు వెతకొద్దని కొందరు మిత్రులంటారు. వెతకాల్సిందే. అంతమాత్రాన ఆ నవలల్ని అవతల పారెయ్యనక్కర్లేదు. ఆ కోరిక తప్పు కాదు. దాని ఖర్చు ఎప్పుడూ ఒకరి మీదే పడటం తప్పు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. వెంటనే 'పనీపాటా లేకుండా తిరుగుతున్నారు' అన్న ఎకసెక్కాలు మొదలయ్యాయి. మనం ఏం జవాబిచ్చాం? కూలికి, ఆసుపత్రికి, కాలేజీకి వెళుతున్నారని. అది నిజమే. కానీ పని లేకుండా తిరిగితే మాత్రం తప్పేమిటి అని మనలో ఎంతమందిమి అడిగాం?

ఈమధ్య బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడని ఎక్కడిదాకా అని అడిగాను. "ఆఖరి దాంక పోయి మళ్ల ఇదే బస్సుల వస్త బిడ్డా" అంది. ఎందుకు అనబోయి ఆగాను. ఇంట్లో నన్నడిగే ప్రశ్నే అది.