ఆటల వజ్రాలకీ ఇంటి లెక్క ఉంది

సంక్రాంతికి అమ్మమ్మ ఇచ్చిన నూటపదహార్లు, పుట్టినరోజుకి మేనమామ చేతిలో పెట్టిన అయిదొందలు ఒకప్పుడు పిల్లలు ఏం చేసేవారు? హుండీలో వేసుకునేవారు, లేదంటే క్రికెట్ బ్యాటు కొనుక్కునేవారు. ఇప్పుడో? "అమ్మా, ఈ డబ్బులు నువ్వు తీసుకుని నీ ఫోన్లోంచి నాకు డైమండ్స్ కొనిపెట్టవా?" అంటున్నారు. బందరులో ఇదే మాట, గుడివాడలో ఇదే మాట. దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక వెళ్లినా ఇదే మాట.

"ఆ ఆటల గోల మనకేం తెలుస్తుందిలే" అని ఫోన్ వాళ్ల చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతే, డబ్బు దాచుకున్న పోపులడబ్బా మూత తీసిపెట్టి పొరుగింటికి వెళ్లినట్టే. కందిపప్పు కొనాలంటే నాలుగు కొట్లు తిరిగి, గింజ కొరికి చూసి మరీ బేరమాడే వాళ్లం మనం. ఈ బేరం మనకి రాదా ఏమిటి? కొనే వస్తువేదో తెలిస్తే చాలు.

అసలు కొంటున్నదేమిటి?

పిల్లలు అడిగేవి మూడు రకాలు. మొదటిది ఆట మొత్తం కొనడం. ప్లేస్టేషన్ లాంటి వాటికి డిస్కు రూపంలోనో, కంప్యూటర్లోకి నేరుగా దింపుకునేలాగానో వస్తుంది. రెండోది స్టోర్ బ్యాలెన్స్. గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్, స్టీమ్ వాలెట్, ప్లేస్టేషన్ స్టోర్ కార్డు ఇవన్నీ ఆ కోవలోవే. అంటే ముందుగా డబ్బు కట్టి ఆ కొట్లో ఖాతాకి జమ వేసుకోవడం. మూడోది ఆట లోపల చెల్లే నాణెం. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో డైమండ్లంటారు, బీజీఎంఐలో యూసీ అంటారు.

మన చిలకలపూడి బంగారం సంగతి తెలుసుగా! మెరుపుకి మెరుపు, ముచ్చటకి ముచ్చట. పెళ్లికి పెట్టుకుని వెళ్తే ఎవరూ పోల్చుకోలేరు. కానీ అవసరానికి తాకట్టు పెట్టబోతే ఎవరూ తీసుకోరు. ఆటలోని డైమండ్లూ అంతే. సరదాకి పనికొస్తాయి గానీ తిరిగి రూపాయలు కావు. స్టోర్ బ్యాలెన్స్ కూడా నోట్ల రూపంలో తిరిగి రాదు, కాకపోతే ఆ కొట్లో ఉన్న వేరే ఆటకి పనికొస్తుంది. డిస్కు ఒక్కటే ఆడేశాక అమ్ముకోవడానికి పనికొచ్చేది. ఈ తేడా తెలిస్తే సగం బేరం మన చేతిలో ఉన్నట్టే.

ఇంకో మాట. గిఫ్ట్ కోడ్ ఏ ఈమెయిల్ ఖాతాలో వేస్తే ఆ ఖాతాకే అంటుకుపోతుంది. అన్నయ్య ఖాతాలో పడింది తమ్ముడి ఖాతాకి మార్చలేం. అమెరికాలో ఉన్న పిన్ని ప్రేమగా డాలర్ల గూగుల్ ప్లే కార్డో, ప్లేస్టేషన్ కార్డో పంపినా మన ఇండియా ఖాతాలో పని చెయ్యదు. "ఇక్కడి కోడ్ కొనుక్కుంటాడు, రూపాయల్లో పంపించు పిన్నీ" అని ముందే చెప్పేయండి.

నిజమైన తగ్గింపు ఎలా పోల్చుకోవాలి?

పెద్ద ప్యాకు చవక అనిపిస్తుంది. సబ్బుల మూడో పెట్టె ఉచితం లాంటిదే ఇదీను. లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకి 80 రూపాయలకి 100 డైమండ్లు, 400 రూపాయలకి 520 డైమండ్లు అన్నారనుకోండి. చిన్న ప్యాకులో ఒక్కోటి 80 పైసలు, పెద్ద ప్యాకులో సుమారు 77 పైసలు. 520 డైమండ్ల మీద మిగిలేది 16 రూపాయలు. పిల్లాడికి కావలసినవి 100 అయితే, ఆ 16 రూపాయల కోసం 320 రూపాయలు అదనంగా పెట్టినట్టు! మిగిలిన డైమండ్లు ఊరుకుంటాయా? అవి ఖర్చయ్యేదాకా వాడికి నిద్ర పట్టదు.

క్యాష్‌బ్యాక్ సంగతీ అంతే. కోడ్ కొంటే పాతిక రూపాయలు వెనక్కి అంటారు. అది మన బ్యాంకులోకి వస్తుందా, లేక ఇంకేదో కొంటేనే చెల్లే కూపనా? కూపనైతే దాన్ని ఆదా కింద రాసుకోకండి.

కంప్యూటర్లో ఆడే పిల్లలకి మటుకు ఓపికే పెద్ద తగ్గింపు. స్టీమ్ అనే కొట్లో ధరలు మన రూపాయల్లోనే ఉంటాయి. ఎండాకాలం చివర్లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పెద్ద తగ్గింపు అమ్మకాలు పెడతారు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు కూడా. ఎపిక్ అనే ఇంకో కొట్టువాళ్లు కొన్నేళ్లుగా వారం వారం ఒక ఆట ఉచితంగా ఇస్తున్నారు. కొత్తగా వచ్చిన ఆట మొదటి వారమే కొనడమంటే మొదటి కోతకి వచ్చిన బంగినపల్లి కొనడమే. నెల ఆగితే అదే పండు, వేరే ధర.

ప్లేస్టేషన్ ఉన్న ఇళ్లల్లో, పై తరగతి పిల్లల పుస్తకాలు సగం ధరకి తెచ్చుకున్నట్టే, వాడిన డిస్కు కొనుక్కోవచ్చు. ఆడేశాక ఇంకొకరికి అమ్మేయొచ్చు. గీతలున్నాయేమో వెలుతురులో చూసి, వీలైతే ఆడించి చూసి కొనండి. డిస్కు పెట్టే అర లేని డిజిటల్ రకం కొంటే మటుకు ఈ సౌకర్యం ఉండదు. మెషీన్ కొనేటప్పుడు రెండు రకాల మధ్య ధర తేడాతో పాటు ఇదీ లెక్కలో వేసుకోండి.

సగం ధర అన్నారంటే

గుడివాడ వైపు మాకు తెలిసిన ఒకావిడ ఉంది. డ్వాక్రా వాయిదా కోసం కూడబెట్టిన డబ్బు ఖాతాలో ఉంచుకుంది. "సగం ధరకే డైమండ్స్" అని కొడుకు ఫోన్‌కి ఎవరో సందేశం పంపారు. వాడు అమ్మకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం! ముందు రెండొందలు కట్టాడు. "ఇంకొంచెం కడితేనే వస్తాయి" అన్నారు, కట్టాడు. ఆటలోకి వెళ్లే పాస్‌వర్డ్ అడిగారు, చెప్పేశాడు. డబ్బూ పోయింది, రెండేళ్లుగా ఆడుకుంటున్న ఖాతా కూడా పోయింది. వాయిదా రోజున సంఘంలో నలుగురి ముందు ఆవిడ తలవంచుకోవాల్సి వచ్చింది. పిల్లాడు భయంతో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. డబ్బు కంటే ఆ రెండు రోజులే ఎక్కువ బాధ పెట్టాయని ఆవిడ అంటుంది.

గుర్తుంచుకోండి, డైమండ్లు వెయ్యడానికి ఆటగాడి ఐడీ నంబరు ఉంటే చాలు. పాస్‌వర్డూ, ఓటీపీ అడిగారంటే దొంగలే. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. చుట్టం పేరో, ఆఫీసరు పేరో చెప్పి "అర్జెంటుగా గిఫ్ట్ కోడ్ కొని నంబరు పంపండి" అన్నా నమ్మకండి. కోడ్ నంబరు చెప్పడమంటే నోటు చేతికివ్వడమే. ఒకవేళ మోసం జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆటలో దాచుకోవడం పొదుపు కాదు

కొందరు పిల్లలు తగ్గింపులో కొని, తర్వాత వాడుకుందామని దాస్తారు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐగా వచ్చాక పాత ఖాతా మార్చుకునే వీలు ఇచ్చారు గానీ, అన్ని నెలలూ లోపలున్నది లోపలే ఉండిపోయింది. ఆ బీజీఎంఐని కూడా 2022 జులైలో తీసేసి, 2023 మే నెలలో మళ్లీ రానిచ్చారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతూ వచ్చింది. ఆట మనది కాదు, అందులో నాణెమూ మనది కాదు. ఈ వారం వాడేంతే కొనాలి.

"లక్కీ స్పిన్" అని ఒకటి ఉంటుంది, జాగ్రత్త. తిరునాళ్లలో సబ్బుబిళ్ల మీదకి రింగు విసిరే ఆటే అది. పది రూపాయలు పోయినా బుద్ధి రాదు, ఈసారి పడుతుందనిపిస్తుంది. ఇక డబ్బులు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. "వంద కడితే రెండొందలు బోనస్" అని ఎవరు పిలిచినా అది తగ్గింపు కాదు, గుంట.

ఫోన్ మన చేతిలో ఉండాలి

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో, ఏది కొన్నా పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టుకోండి. వేలిముద్ర మనది మాత్రమే ఉండాలి సుమా! యూపీఐ లైట్ ఉంటే చిన్న మొత్తాలకి పిన్ అడగదు. పిల్లలు ముట్టుకునే ఫోన్లో అది వద్దు. యాప్‌లో ఆటోపే అనే చోట ప్రతినెలా కోత పడేవి ఏమున్నాయో చూసి అక్కర్లేనివి తీసేయండి. పొరపాటున ఏదైనా కొంటే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో వాపసు అడగొచ్చు. ఇస్తారో లేదో వాళ్ల నిబంధనల్ని బట్టి ఉంటుంది గానీ, అడగడం మానకండి.

అన్నిటికంటే మంచి పద్ధతి, బ్యాంకు ఖాతా ఆటకి తగిలించకుండా, నెలకి ఇంత అని ఒక చిన్న గిఫ్ట్ కోడ్ కొనివ్వడం. అయిపోతే వచ్చే నెలే. అప్పుడు వాడే లెక్క వేసుకోవడం నేర్చుకుంటాడు. అసలు వద్దని కసిరితే మన వెనకాల సగం ధరవాడి దగ్గరికి వెళ్తాడు. "ఏది కొన్నా, ఏది పోయినా ముందు నాకు చెప్పు నాన్నా, కొట్టను" అని ఒక్క మాట చెప్పి ఉంచండి. ఏ పాస్‌వర్డ్ కంటే అదే గట్టి కాపలా.

ఖర్చు లేని ఆటలూ ఉన్నాయి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో ఒకసారి, 2024లో ఒకసారి ప్రపంచ ర్యాపిడ్ చదరంగం విజేత అయింది. లైచెస్ అనే చోట అదే చదరంగం ఫోన్లో పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. సెలవుల్లో ఒక పూట పిల్లలతో కూర్చుని మీరూ ఆడి చూడండి.

కొనేముందు అయిదు ప్రశ్నలు

1. ఆటా, స్టోర్ బ్యాలెన్సా, ఆటలోని నాణెమా?
2. ఎవరి ఖాతాలో పడుతుంది?
3. ఒక్కోటి ఎంత పడుతోంది, ఎన్ని కావాలి?
4. నచ్చకపోతే వాపసు ఉందా, తిరిగి అమ్ముకోవచ్చా?
5. వచ్చే నెల దాకా ఆగితే చవకవుతుందా?

ఈ అయిదూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. పిల్లాడు వచ్చి అడిగినప్పుడు జవాబులు వాడినే చెప్పమనండి.