జెనీవా టికెట్‌కు డబ్బెవరిస్తారు?

లా చదివే మన పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: "అన్నా, ఐక్యరాజ్యసమితిలో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?" దొరకొచ్చు. దాని ఖర్చు మోయగలమా అన్నదే అసలు ప్రశ్న.

సమితి సచివాలయం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వదు. విమానం, వీసా, అద్దె, తిండి అన్నీ అభ్యర్థే చూసుకోవాలి. 2015లో జెనీవాలో ఒక న్యూజిలాండ్ యువకుడు గుడారంలో ఉంటూ ఇంటర్న్‌షిప్ చేసిన వార్త ప్రపంచమంతా పాకింది. పనికి న్యాయమైన ప్రతిఫలం పొందడం హక్కని మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 23వ అధికరణం చెబుతుంది. ఆ ప్రకటన చేసిన సంస్థలోనే ఇంటర్న్‌ది వెట్టి!

వేరే దారి లేదనడం కుదరదు. ఐఎల్‌ఓ, యూనిసెఫ్ స్టైపెండ్ ఇస్తున్నాయి. 2020 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఇస్తోంది.

ఇంటర్న్‌షిప్ ఈ రంగంలో ఉద్యోగానికి తొలి మెట్టు. ఆ మెట్టు ఉన్నోళ్లకే అందితే శరణార్థుల మీద, కులవివక్ష మీద రిపోర్టులు రాసేదీ వాళ్లే. మనం మాత్రం ఆ రిపోర్టుల్లో బాధితులుగానే మిగులుతాం.

1913లో బాబాసాహెబ్ కొలంబియా వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. అంతటి ప్రతిభకూ దారి ఖర్చు ఎవరో ఒకరు పెట్టాల్సి వచ్చింది. నేడు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీలకే. తెలంగాణలోని అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా విదేశీ డిగ్రీలకే.

ఈ పథకాల్లో ఇంటర్న్‌షిప్‌లనూ చేర్చాలి. రెండేళ్ల డిగ్రీకి ఇచ్చే ప్రభుత్వానికి మూడు నెలల ఖర్చు బరువు కాదు. దళిత న్యాయవాదులు, ఉద్యోగ సంఘాలు ఈ డిమాండ్‌ను వచ్చే బడ్జెట్‌లోపే ప్రభుత్వం ముందు పెట్టాలి.

జై భీమ్.