మంచె దిగిన వాళ్ళం, పిట్టలకు పీట వేద్దాం



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు విలువ మీదో, క్రమశిక్షణ మీదో వ్యాసం రాయడం మన ఆనవాయితీ. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము మాత్రం హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో పిట్టలకు గింజలు వేసే చెక్కపీట ఒకటి కట్టాలని, అదీ మన చేతులతోనే కట్టాలని అంటున్నాం. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. నవ్వాక మిగతాది చదవండి.

"మన కంచం సంగతి మనం చూసుకోలేం గానీ, పిట్టలకు దానమా?" అనే మాట ముందుగా వస్తుంది. "అది బంగళాలున్నోళ్ళ సరదా" అని రెండో మాట. ఈ రెండూ మాకు కొత్త కాదు. మా ఇళ్ళల్లో డిగ్రీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. పీజీకని పట్నం వెళ్ళాక, మేడల మీద రంగురంగుల పిట్టల డబ్బాలు వేలాడుతుంటే చూసి మేమూ అలాగే అనుకున్నాం. కానీ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే, పిట్టలతో మనకున్నంత సంబంధం ఆ మేడలవాళ్ళకు లేదని తెలుస్తుంది.

మన బొల్లాపల్లి చుట్టూ ఉన్నది మెట్ట. జొన్న, సజ్జ వేసే రోజుల్లో కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా చేలో మంచె ఉండేది. మంచె మీద వడిసెల పట్టుకుని ఎవరుండేవాళ్ళు? ఆసామి కొడుకు బళ్ళో ఉండేవాడు. మంచె మీద మన తాతలుండేవాళ్ళు, ఎనిమిదేళ్ళకో తొమ్మిదేళ్ళకో. తెల్లారకముందే ఎక్కి, పొద్దుగుంకేదాకా "హోయ్" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని దిగేవాళ్ళు. పిట్ట తినే గింజ వాళ్ళది కాదు, విసిరే రాయి మాత్రం వాళ్ళ చేతిది. పలక పట్టాల్సిన వయసంతా పిట్టల కావలిలో పోయింది. పిట్టలను తోలినందుకు కూలి తీసుకున్న ఇళ్ళ నుంచి వచ్చి, హాస్టల్లో పుస్తకం పట్టుకున్న మనం ఆ పిట్టనే "రా" అని పిలవడం సరదా కాదు. ఆ పిలుపు మన చేతిలోకి రావడానికి రెండు తరాలు పట్టింది.

ఇంకో సంగతి. కృష్ణా, గోదావరి వైపు కోతలు కాగానే వరికంకులను కుచ్చులుగా అల్లి వసారాల్లో, గుడి మండపాల్లో వేలాడదీస్తారు. పిచ్చుకలు వచ్చి వాలి తింటాయి. చక్కని ఆచారం, మన తెలుగువాళ్ళ అసలైన పిట్టల పళ్ళెం అదే. కానీ పిచ్చుక వాలిన ఆ మండపంలోకి మన పెద్దలకు ప్రవేశం లేదు. మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని ఎందుకు పంపించారో దీన్ని బట్టే అర్థమవుతుంది. గుళ్ళోకి గబ్బిలానికి అడ్డు లేదు, మనిషికి ఉంది. కాబట్టి పిట్టకు పెట్టడంలో ఎవరి వసారా, ఎవరి చేయి అన్న లెక్క మన దగ్గర ఎప్పుడూ ఉంది. ఆ పెట్టే చేయి ఇప్పుడు మనది కావాలని మా అభిప్రాయం. ఎప్పుడూ 'లబ్ధిదారులు' అని పిలిపించుకునే మనకు, పెట్టేవాళ్ళుగా ఉండటం కూడా తెలియాలి.

ఇక కట్టే సంగతి. విరిగిన బెంచీ పలకలు, మామిడికాయల పెట్టెల చెక్కలు చాలు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలక తీసుకుని, చుట్టూ అంగుళం ఎత్తు అంచు కొట్టాలి. గింజ గాలికి ఎగిరిపోదు. నాలుగు మూలలా చిన్న చిల్లులు పెట్టకపోతే వాన నీళ్ళు నిలిచి గింజ బూజు పడుతుంది. బూజు గింజ పిట్టకు విషమే. పైన తాటాకు కప్పు వేస్తే ఎండకూ వానకూ సరిపోతుంది. రంగులు, వార్నిష్ వద్దు. దీన్ని అయిదారడుగుల గుంజ మీద బిగించాలి. గుంజ వేపది అయితే చెద తొందరగా పట్టదు. గుంజకు మధ్యలో పాత నూనెడబ్బా రేకును గరాటులా చుట్టి బోర్లిస్తే పిల్లి ఎక్కలేదు. పొదలకు, గోడకు కాస్త ఎడంగా పాతాలి, లేకపోతే పిల్లికి మనమే మాటు కట్టిచ్చినట్టు. రంపం, సుత్తి, ఉలి ఊళ్ళో వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. ఆయన్నే వచ్చి ఒక పూట నేర్పమని అడిగితే ఇంకా మంచిది. పదో తరగతి పిల్లలకు కోణమానిని బాగా తెలుసు, మూలమట్టం పట్టుకోవడం తెలియదు.

కంచాల్లో మిగిలిన సాంబారన్నం దాని మీద పోయొద్దు. ఉప్పు, కారం కలిసినవి పిట్టలకు పనికిరావు. నూకలు, జొన్నలు, సజ్జలు, కొర్రలు వేయండి. విత్తనాల కోసం మందు పట్టించిన రంగు గింజలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. పత్తి, మిరప చేల మధ్య ఉన్న మన ఊళ్ళల్లో ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు చాలు. రాత్రికి గింజ మిగిలితే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములొస్తాయి. హాస్టల్ పెరట్లో ఆ చుట్టరికం మనకొద్దు. వారానికోసారి వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టడం తప్పనిసరి. బ్రిటన్‌లో 2005 నుంచి గ్రీన్‌ఫించ్ అనే పిట్టలు ట్రైకోమోనాసిస్ అనే జబ్బుతో విపరీతంగా తగ్గిపోయాయి. అన్నీ ఒకేచోట మూగి తినే పళ్ళేల దగ్గర ఆ జబ్బు సులువుగా పాకుతుంది. శుభ్రం చేయలేకపోతే అసలు కట్టకపోవడమే మేలు.

ఈ పీటతో పిట్టల జాతి బతికిపోతుందా అంటే, అంత మాట మేము అనం. సెల్‌టవర్ల వల్ల పిచ్చుకలన్నీ చచ్చిపోయాయని వినీ వినీ నమ్మేశాం గానీ, 2020లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గింది. పిచ్చుక పిల్లను పెంచేది గింజ కాదు, పురుగు. చేలో పురుగు లేకుండా మందు కొట్టి, పెరట్లో గింజ వేస్తే సగం పనే అవుతుంది. చైనాలో 1958లో ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలను కూడా చంపమని ఉద్యమం నడిపారు. పిచ్చుకలు పోయాక పురుగులు పెరిగి పంటలు దెబ్బతిన్నాయి. 1960లో తప్పు తెలుసుకుని జాబితాలోంచి పిచ్చుకను తీసేసి, ఆ స్థానంలో నల్లిని పెట్టారు. (హాస్టల్లో ఉన్నవాళ్ళను అడిగితే మొదటే నల్లి పేరు చెప్పేవాళ్ళు.) అందుకని పీటతో పాటు ప్రహరీ వెంట వేప, నేరేడు, సీతాఫలం మొక్కలు పెట్టమని కోరుతున్నాం. పురుగూ, పండూ, గూడూ చెట్టు దగ్గరే దొరుకుతాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లల్ని పెట్టుకుంటున్నాయంటే, ఊరివాళ్ళు వాటి జోలికి పోకపోవడం వల్లే.

మరి పీట ఎందుకంటే, చూడటానికి. పిచ్చుక, గోరింక, గువ్వ, చిలక ఎన్ని గంటలకు వస్తున్నాయో, ఏది దేన్ని తరుముతోందో ఒక పుస్తకంలో రాయండి. మనకు రోజూ హాజరు వేస్తున్నారు కదా, మనం పిట్టలకు వేద్దాం. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టలను లెక్కపెడుతుంది, 2013 నుంచి మన దేశం కూడా అందులో ఉంది. బొల్లాపల్లి లెక్క అందులోకి మన హాస్టల్ నుంచే వెళ్ళొచ్చు. పంపించే పని అన్నలుగా మేము చూసుకుంటాం.

ఒక్క చిక్కుంది, దాన్ని ఇప్పుడే తేల్చుకోవాలి. ఏప్రిల్ చివర హాస్టల్ మూతపడుతుంది, జూన్ దాకా తీయరు. పల్నాడు ఎండలో పిట్టలకు గింజ కన్నా నీళ్ళు ముఖ్యమయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అలవాటు చేసి వదిలేసి వెళ్ళడం న్యాయం కాదు. సెలవులకు రెండు వారాల ముందు నుంచి గింజ కొంచెం కొంచెంగా తగ్గించండి. నీళ్ళ మూకుడు మాత్రం ఎండకూడదు. ఊళ్ళోనే ఇళ్ళున్న తమ్ముళ్ళు వంతులు వేసుకుని, వాచ్‌మన్ అన్నను కూడా ఒక వంతు అడిగి, ఆ జాబితా వంటగది తలుపు మీద అంటించండి. దోమలు పెట్టకుండా నీళ్ళు రోజూ మార్చాలి. మే నెలలో రెండు ఆదివారాలు మా పేర్లు రాయండి, మేము వస్తాం.