ఫోకస్ తప్పుతోందని కెమెరా అమ్మెయ్యకండి

మన బరంపురం చుట్టాల్లో ఈమధ్య ఒకే మాట వింటున్నాను. "పాత కెమెరా ఫోకస్ పోయింది, మామ్మ ఫోటోలు సగం మసకగా వచ్చాయి, అమ్మేసి కొత్తది కొనేస్తాం." స్తోమత ఉంటే కొనుక్కోండి, కాదనను. పరీక్ష పెట్టకుండా తీర్పు చెప్పెయ్యడమే నాకు నచ్చట్లేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఫోకస్ ఎప్పుడూ ఒకే వైపుకి తప్పుతోందా, లేక ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పోయి, మధ్యలో ఒకటి బాగా వస్తోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి పనిచెయ్యదు.

పగటి వెలుగులో కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. ఎదురుగా పంచాంగం నిలబెట్టి, దాని పక్కన ఏటవాలుగా ఒక స్కేలు ఉంచండి. మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే వాడండి. ప్రతిసారీ ఫోకస్‌ని బాగా చెడగొట్టి, మళ్ళీ పట్టనిచ్చి పది ఫోటోలు తియ్యండి. తరవాత లైవ్ వ్యూలో ఇంకో పది.

డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి తీసేటప్పుడు ఫోకస్ కొలిచే సెన్సర్ వేరే ఉంటుంది, కెమెరా అడుగున. బొమ్మ పడే సెన్సర్ వెనకాల ఉంటుంది. ఆ రెండు దారుల కొలత కాస్త తేడా వస్తే చాలు, ఫోకస్ పక్కకి పోతుంది. లైవ్ వ్యూలో బొమ్మ పడే సెన్సరే కొలుస్తుంది కాబట్టి ఆ తేడా రాదు. అంచేత లైవ్ వ్యూ ఫోటోలు బాగుండి, మిగతా పదీ ఒకేలా తప్పితే దాన్ని సర్దొచ్చు. కెనాన్ 70డి, నికాన్ డి7000 లాంటి వాటిలో ఆ సర్దుబాటు మెనూలోనే ఉంది. కెనాన్ 60డి, నికాన్ డి5600లో లేదు, సర్వీసుకి ఇవ్వాల్సిందే.

పదీ పది రకాలుగా వస్తే మాత్రం మెనూలో అంకెలు తిప్పి లాభం లేదు. పగటి వెలుగులో, కదలని పంచాంగం మీద కూడా అలాగే వస్తే వేరే లెన్సు పెట్టి చూడండి. అదీ అంతే అయితే అప్పుడు కెమెరాని అనుమానించొచ్చు.

కానీ పంచాంగం మీద బాగుండి, పెళ్ళిలో తప్పుతోందంటే? మండపం చీకటి, మనుషుల కదలిక, లెన్సు పూర్తిగా తెరిచి పెట్టడం. చిన్న సెన్సర్ కెమెరాకి 50 మిల్లీమీటర్ల లెన్సు వేసి, ఎఫ్ 1.8 దగ్గర, మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు రెండున్నర సెంటీమీటర్లు. మామ్మ మాట్లాడుతూ కాస్త ముందుకి వంగిందంటే కళ్ళు మసకే! పైగా పాయింట్లన్నీ కెమెరాకే వదిలేస్తే అది దగ్గరగా, కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని పట్టుకుంటుంది. మన బరంపురం పట్టుచీర కుంభం అంచు కంటే కొట్టొచ్చేది ఇంకేముంది? చీర బ్రహ్మాండంగా వస్తుంది, మొహం రాదు. ఒక్క పాయింటు కంటి మీద పెట్టి, ఎఫ్ 4 దాకా తగ్గించి తియ్యండి. మామ్మ కుర్చీలోంచి లేవకముందే వెనక తెరమీద కన్ను పెద్దది చేసి చూడండి. చిన్న తెరమీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఆవిడ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక పాత కాగితాలు. 1936కి ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల తెలుగు దస్తావేజులు మనలో చాలామంది ఇళ్ళల్లో పెట్టెల్లో ఉన్నాయి. వీటికి ఆటోఫోకస్ వాడనేకూడదని నా పట్టుదల. వెలిసిన సిరా, పసుపెక్కిన కాగితం మీద దానికి పట్టు దొరకదు. ట్రైపాడ్, ఎఫ్ 8, లైవ్ వ్యూలో ఒక అక్షరాన్ని పెద్దది చేసి చేత్తో ఫోకస్, రెండు సెకన్ల టైమర్. ఇంతే. బళ్ళో ఒడియా చదువుకున్న మన పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. మసకలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకపోతే ముత్తాత పేరు కూడా వాళ్ళకి అందదు. కాగితం వెనక్కి తిప్పి కూడా తియ్యండి, సాక్షుల సంతకాలు ఒక్కోసారి అటువైపే ఉంటాయి.