'దౌ' అనగా ఏమి?



మొన్న ఒక గ్రామములో కుటుంబ ప్రార్థనకు వెళ్లాను. ఎప్పుడూ అందరికంటె ముందుగా ప్రార్థించే తల్లి ఆ రాత్రి నోరు తెరవలేదు. కారణమేమని అడిగితే, "నాకు మర్యాదగా ప్రార్థన చేయడం రాదంట అయ్యగారూ" అన్నది. పట్నంలో చదువుకొనే కుమారుడు సెలవులకు వచ్చి, "ఇంగ్లీషు బైబిల్లో దేవుణ్ణి 'దౌ' అని గొప్పగా పిలుస్తారమ్మా. నువ్వేమో పొలంలో కూలివాళ్లను పిలిచినట్లు నీవు, నీవు అంటావు" అన్నాడట.

ఆ అబ్బాయిని నేను కోప్పడలేదు. వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివే రోజుల్లో నేనూ అలాగే తలంచాను. 'దౌ' అని పలికితే ప్రార్థనకు బరువు వస్తుందనుకొనేవాణ్ణి. నిజము వేరు.

'దౌ' అనగా 'నీవు'. అంతే. 'దీ' అంటే నిన్ను, 'దై' అంటే నీ. పలువురితో మాట్లాడేటప్పుడు 'యీ', 'యూ' అనేవారు. కాలక్రమమున ఇంగ్లండులో పెద్దవారిని ఒక్కరినే అయినా 'యూ' అనడం మర్యాద అయ్యింది, మనము 'మీరు' అన్నట్లే. 'దౌ' పిల్లలకు, పనివారికి, ప్రాణస్నేహితులకు మిగిలింది. 17వ శతాబ్దములో క్వేకర్లనే విశ్వాసులు, దేవుని యెదుట అందరూ సమానులే గనుక ఎవరినైనా 'దౌ' అనే పిలుస్తామన్నారు. న్యాయాధిపతులను కూడ అలాగే పిలిచి దెబ్బలు తిన్నారు. అది గౌరవపు మాటే అయితే దెబ్బలెందుకు?

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో ఈ మాట దేవునికే కాదు, అందరికీ ఉన్నది. మత్తయి 4వ అధ్యాయములో ప్రభువు సాతానును పొమ్మన్నప్పుడు కూడ 'దీ' అనే ఉన్నది. హెబ్రీ, గ్రీకు భాషలలో ఒక్కరికి ఒక మాట, పలువురికి మరొక మాట ఉన్నవి. ఆ తేడా ఇంగ్లీషులోనూ అలాగే నిలిచింది. తరువాత వాడుకలో 'దౌ' పోయి, అందరికీ 'యూ' ఒక్కటే మిగిలింది. 1952లో వచ్చిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ దేవునితో మాట్లాడేచోట మాత్రమే 'దౌ'ను ఉంచింది. ఇలా ప్రార్థనలో తప్ప మరెక్కడా వినబడనందున అది గౌరవపు మాట అనిపించసాగింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో లూకా 22:31, 32 చదివి చూడండి. సాతాను జల్లించుటకు కోరినది 'మిమ్మును', అనగా శిష్యులందరిని. ప్రభువు వేడుకొన్నది 'నీ కొరకు', అనగా పేతురు ఒక్కని కొరకు. మందంతటికీ శోధన వచ్చినప్పుడు ఆయన ఒక్కొక్కని పేరు ఎరిగి ప్రార్థించువాడు! నేటి ఇంగ్లీషులో రెండు చోట్లా 'యూ' అనే ఉంటే ఈ సంగతి కంటికి ఆనదు. మన తెలుగు బైబిలులో స్పష్టముగా ఉన్నది. యోహాను 3:7లో నీకొదేముతో ప్రభువు 'మీరు' అన్నది కూడ మర్యాదకు కాదు. క్రొత్తగా జన్మించవలసినది అతడొక్కడే కాదు, అందరును.

ఆ రాత్రి ఇదంతా చెప్పి, "బాబూ, మీ అమ్మను నువ్వు ఏమని పిలుస్తావు?" అని అడిగాను. "నువ్వు అనే" అన్నాడు. "అది అమర్యాదా?" అన్నాను. తల వంచుకొని నవ్వాడు. "అమ్మా, నువ్వు ప్రార్థన చెయ్యి" అని వాడే అన్నాడు. ఆమె ఎప్పటివలెనే నీవు, నీవు అంటూ చాలాసేపు ప్రార్థించింది.

తల్లిదండ్రులారా, పిల్లలకు ఇంగ్లీషు నేర్పించండి, మంచిదే. కాని మీ భాష పామరమైనదని ఎవరన్నా మోకాళ్లమీదనుండి లేచిపోవద్దు. యౌవనులారా, మీ చదువు ఇంట్లో ఎవరి ప్రార్థననూ ఆపకుండ చూచుకొనండి. నీవు అని పిలువనిచ్చిన తండ్రి మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.