పులిహోర డబ్బా లేని రోజు

ఆడవాళ్లు ఇల్లు కదలరని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చెరువుగట్టు జాతరకి పోతాం, యాదగిరిగుట్టకి పోతాం, పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోతాం. కాకపోతే పోయిన ప్రతిచోటా మన చేతిలో ఒక పులిహోర డబ్బా ఉంటుంది. అందరికీ పెట్టి, చివర్లో మనం తిని, గిన్నెలు సర్దుకుని బస్సెక్కుతాం. ఏం చూసొచ్చావంటే చెప్పడానికేమీ ఉండదు.

అందుకే మా నకిరేకల్‌లో మా వీధివాళ్లం ఏడుగురం, పిల్లలు బడికెళ్లే రోజు చూసుకుని నెలకోసారి నడకకి పోతున్నాం. ఎవరి జొన్నరొట్టె వాళ్లదే. మొక్కు లేదు, పెళ్లి లేదు, ఊరికే చూడ్డానికి. మా అత్తమ్మకి మింగుడుపడనిది ఆ 'ఊరికే' అన్న మాటే. "గుడికి పోతున్నమని చెప్పరాదే, ఎవరేమనరు" అంటుంది. చెప్పొచ్చు. కానీ ఒకసారి అలా చెబితే, ఇక కదిలిన ప్రతిసారీ ఒక దేవుణ్ణి సాక్ష్యం తెచ్చుకోవాలి.

సూర్యాపేట పక్కన పిల్లలమర్రి ఉంది కదా. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. దేవుడికి ఆమె పేరే వచ్చింది. నా బి.ఎ. తెలుగు పాఠాల్లో పిల్లలమర్రి పినవీరభద్రుడున్నాడు గానీ, ఈ ఇల్లాలు లేదు. ఆ నల్లరాతి స్తంభాల దగ్గర మేం గంటసేపు కూర్చున్నాం. పదండి పదండని తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

భువనగిరి గుట్ట సగంలో మా వదిన కూలబడింది. మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకుంది ఇక్కడే, 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందని చెప్పాను. "ఆ పిల్లకి మోకాళ్ల నొప్పులు లేవు కదా" అని నవ్వి, లేచి పైదాకా వచ్చింది.

మన దిక్కు నడకకి అదను ఫిబ్రవరి చివర, మోదుగులు పూసినప్పుడు. ఏటా బస్సు కిటికీలోంచి చూసే పూలే. చెట్టు కింద నిలబడితే వేరు. ఆకు రాలిన కొమ్మల నిండా చిలకముక్కుల్లాంటి ఎర్రటి పూలు, వాటి తేనెకి వచ్చిన పిట్టల గోల. జలపాతమంటే ఎత్తిపోతల బాగానే ఉంటుంది, 70 అడుగుల మీంచి పడుతుంది. అయితే అది నిలబడి చూసొచ్చేదే, నడక ఏముంది?

ఇంతకీ అసలు అడ్డంకి మొగుళ్లు కాదు, మరుగుదొడ్లు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు, సంతోషమే. దిగిన చోట తలుపున్న మరుగుదొడ్డి లేదని పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా ఎండలో గుట్టలెక్కే ఆడవాళ్లని నేను చూస్తున్నాను. బస్సు ఇచ్చినవాళ్లని ఇదీ అడగాలి.

ఇక వంట సంగతి. మాలో నలుగురు నాలుగింటికే లేచి మధ్యాహ్నానిక్కూడా వండిపెట్టి వస్తారు. గుట్ట మొదట్లోనే వాళ్ల ఓపిక అయిపోతుంది. వద్దంటాను నేను, వినరు. మా ఇంట్లో ఆ రోజు మా ఆయన పప్పుచారు పెడతారు. ఉప్పు ఎక్కువే. తింటున్నారు.

వచ్చే నెల దేవరకొండ కోట. ఇంకో ముగ్గురు వస్తామన్నారు. ఇంట్లో ఏం చెప్పి వస్తారో చూడాలి.